సోర్సు నుంచి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి బిల్డ్: రూటర్ ఫర్మ్‌వేర్ తయారీ, టూల్‌చెయిన్ మార్పు, ఎర్రర్ల పరిష్కారం

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అంటే రూటర్లను నడిపే, లినక్స్ ఆధారిత ఓపెన్ సోర్సు ఫర్మ్‌వేర్. దాని బిల్డ్ (సోర్సు కోడ్‌ను రూటర్‌లో ఎక్కించే ఫైలుగా తయారుచేయడం) మధ్యలో ఆగిపోయిందంటూ వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి మూలం ఒకటే. మామూలు బిల్డ్ ఒక్కసారైనా పూర్తికాకముందే కంపైలర్ వెర్షన్ మార్చేస్తారు. అప్పుడు తప్పు కంపైలర్‌దా, ప్యాకేజీదా, కంప్యూటర్‌దా అన్నది తేలదు. అందుకే ఈ వరుస తప్పొద్దు: ముందు ఏమీ మార్చని బిల్డ్, దాన్ని రూటర్‌లో ఎక్కించి చూడటం, ఆ తర్వాతే టూల్‌చెయిన్ (కంపైలర్, దానితో పనిచేసే సాధనాల సమితి) మార్పు.

ఉదాహరణగా 24.10 బ్రాంచ్‌ను, టీపీ-లింక్ ఆర్చర్ సి6 వి3 రూటర్‌ను తీసుకున్నాం. కమాండ్లను పలికినట్టే రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పెద్దబడి (క్యాపిటల్) అక్షరం అవసరమైన చోట విడిగా చెప్పాం, మిగతావన్నీ చిన్నబడే.

## 1. అసలు సోర్సు నుంచి కట్టాలా?

రెండు మూడు ప్యాకేజీలు చేర్చడం, తీసేయడం మాత్రమే కావాలంటే కంపైల్ చేయక్కర్లేదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వాళ్లే ఇచ్చే ఇమేజ్ బిల్డర్‌తో ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. ఇమేజ్ అంటే రూటర్‌లో ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైలు.

సోర్సు నుంచి కట్టాల్సింది ఇలాంటప్పుడు: కెర్నెల్ (లినక్స్ మూల భాగం) ఆప్షన్ మార్చాలి, ప్యాచ్ (సోర్సులో చేసే సవరణ) వేయాలి, అధికారికంగా రాని ప్యాకేజీ కావాలి, లేదా కంపైలర్, బైన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ లాంటి సాధనాలు) వెర్షన్ మార్చాలి.

"కొత్త జీసీసీ వేస్తే నెట్ వేగం పెరుగుతుందా" అని చాలామంది అడుగుతారు. జీసీసీ అంటే ఇక్కడ వాడే కంపైలర్. ఇంటి రూటర్‌లో కంటికి కనిపించే తేడా దాదాపు ఉండదు. కొత్త కోడ్‌కు కొత్త కంపైలర్ అవసరమైనప్పుడు, కంపైలర్‌లోని బగ్ తప్పించుకోవాల్సినప్పుడు, లేదా కొత్త వెర్షన్‌తో ప్యాకేజీలు నిలుస్తాయో లేదో పరీక్షించేటప్పుడు ఈ మార్పుకు అర్థం ఉంటుంది.

## 2. రూటర్ ఏదో కచ్చితంగా తేల్చుకోండి

పెట్టె మీది పేరు చాలదు. ఆర్చర్ సి6 పేరుతోనే వి2 ఉంది, వి3 ఉంది. వి2లో క్వాల్‌కామ్ చిప్, అది ఏటీహెచ్79 టార్గెట్ (ఒకే రకం చిప్‌ల కుటుంబం) కిందికి వస్తుంది. వి3లో మీడియాటెక్ ఎంటీ7621, అది రామిప్స్ టార్గెట్. ఒకదాని ఇమేజ్ ఇంకోదానికి పనికిరాదు. రూటర్ అడుగున అంటించిన లేబుల్‌పై వెర్షన్ ఉంటుంది, ముందు అది చూడండి.

వి3లో 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్నాయి, ఈ పనికి సరిపోతాయి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత రూటర్లను ఇప్పటి వెర్షన్లతో కుస్తీ పట్టించకండి.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మీ మోడల్‌కు రికవరీ పద్ధతి ఏదో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి పరికరాల పేజీ నుంచి దించుకున్న కాపీ (రూటర్ పోతే నెట్ కూడా పోతుంది కదా)
- కంపెనీ ఫర్మ్‌వేర్ ఫైలు
- పీపీపీఓఈ కనెక్షన్ అయితే యూజర్ పేరు, పాస్‌వర్డ్. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు ఇలాంటివే
- ఒక ఈథర్‌నెట్ కేబుల్, ఈథర్‌నెట్ పోర్టు ఉన్న కంప్యూటర్

## 3. కంప్యూటర్‌ను సిద్ధం చేయడం

64 బిట్ లినక్స్ కావాలి. 24.10 బ్రాంచ్‌కు డెబియన్ 12 గానీ ఉబుంటు 22.04, 24.04 గానీ నిశ్చింత. కనీసం 20 జీబీ ఖాళీ జాగా ఉంచండి. రెండు టూల్‌చెయిన్లు పక్కపక్కన పెట్టుకునేటట్టయితే 40 జీబీ. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి, 4 జీబీతో కూడా నెట్టుకురావచ్చు.

డెబియన్, ఉబుంటుల్లో వేయాల్సినవి: బిల్డ్-ఎసెన్షియల్, క్లాంగ్, ఫ్లెక్స్, బైసన్, గాక్, గెట్‌టెక్స్ట్, గిట్, ఎన్‌కర్సెస్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, జెడ్‌లిబ్‌ల డెవలప్‌మెంట్ ఫైళ్లు, పైథాన్3 సెటప్‌టూల్స్, ఆర్‌సింక్, స్విగ్, అన్‌జిప్, డబ్ల్యుగెట్, ఫైల్. ఏదైనా మరిచిపోయినా చాలావరకు బిల్డ్ మొదట్లోనే పేరు చెప్పి ఆపుతుంది కాబట్టి ఈ జాబితా గురించి బెంగ వద్దు.

బెంగ పడాల్సినవి ఇవి:

- రూట్‌గా (లినక్స్ అడ్మిన్ యూజర్‌గా) బిల్డ్ చేయొద్దు. మామూలు యూజర్‌గానే చేయండి. రూట్‌గా ఒకసారి నడిపితే ఫైళ్ల యాజమాన్యం మారిపోయి, తర్వాత మామూలు యూజర్‌తో "పర్మిషన్ డినైడ్" వస్తూనే ఉంటుంది.
- డైరెక్టరీ దారిలో ఖాళీ ఉండకూడదు. "నా రూటర్" లాంటి పేరున్న ఫోల్డర్‌లో బిల్డ్ సాగదు.
- పెద్దబడి, చిన్నబడి తేడా గుర్తించే ఫైల్ సిస్టమ్ కావాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పెన్‌డ్రైవ్ మీద, మ్యాక్ డిఫాల్ట్ డిస్క్ మీద కుదరదు.
- విండోస్‌లో డబ్ల్యుఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) వాడితే సోర్సును సీ డ్రైవ్‌లో కాక లినక్స్ హోమ్‌లోనే ఉంచండి. విండోస్ దారులన్నీ పాత్ వేరియబుల్‌లోకి (ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో చెప్పే జాబితాలోకి) వచ్చి చేరతాయి. "ప్రోగ్రామ్ ఫైల్స్"లోని ఖాళీ దగ్గర బిల్డ్ తన్నేస్తుంది. పాత్‌ను లినక్స్ దారులకే కుదించి మొదలుపెట్టండి.

## 4. సోర్సు, ఫీడ్లు

గిట్ క్లోన్‌తో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి రిపాజిటరీ తెచ్చుకుని, వెంటనే విడుదల ట్యాగ్‌కు (ఒక విడుదల సోర్సుకు పెట్టిన గుర్తుకు) మారండి. 24.10 వరుసలో తాజా ట్యాగ్ ఏదో 'గిట్ ట్యాగ్' చూపిస్తుంది. మెయిన్ బ్రాంచ్ రోజూ మారుతుంది, నేర్చుకునేవాళ్లకు అది తగదు.

ట్యాగ్ వల్ల ఇంకో లాభం: ఫీడ్లు (అదనపు ప్యాకేజీల సోర్సులు) ఏ కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) దగ్గర ఉండాలో కూడా అందులోనే బిగించి ఉంటుంది. నెల తర్వాత మళ్లీ కట్టినా అదే సోర్సు వస్తుంది.

తర్వాత స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని ఫీడ్స్ స్క్రిప్టును రెండుసార్లు నడపాలి: మొదట 'అప్‌డేట్ -ఏ', ఆపైన 'ఇన్‌స్టాల్ -ఏ'. రెండోది ప్యాకేజీలను రూటర్‌లో వేయదు, మెనూలో కనిపించేలా లంకెలు మాత్రమే పెడుతుంది. మెనూలో లూసీ (రూటర్ వెబ్ ఇంటర్‌ఫేస్) కనబడటం లేదంటే ఈ రెండో మెట్టు మరిచిపోయినట్టే.

## 5. మెనూకాన్ఫిగ్: ఎంచుకునే వరుస

'మేక్ మెనూకాన్ఫిగ్' కొట్టాక మొదటి మూడు వరుసలే ముఖ్యం. పై నుంచి కిందికే ఎంచుకోవాలి, ఎందుకంటే పైది మారిస్తే కిందివి మారిపోతాయి.

1. టార్గెట్ సిస్టమ్: మీడియాటెక్ రాలింక్ మిప్స్
2. సబ్‌టార్గెట్: ఎంటీ7621 బోర్డులు
3. టార్గెట్ ప్రొఫైల్: టీపీ-లింక్ ఆర్చర్ సి6 వి3

వెబ్ ఇంటర్‌ఫేస్ దానంతట అది రాదు. లూసీ మెనూలో కలెక్షన్స్ కిందికి వెళ్లి 'లూసీ'కి నక్షత్రం పెట్టండి. నక్షత్రం అంటే ఇమేజ్‌లోకి వెళ్తుంది. 'ఎం' అంటే ప్యాకేజీ తయారవుతుంది కానీ ఇమేజ్‌లో చేరదు. రూటర్ ఎక్కించాక "బ్రౌజర్‌లో ఏమీ రావట్లేదు" అనే గోల సగం ఇక్కడిదే.

కావాల్సిన కెర్నెల్ మాడ్యూళ్లన్నీ ఇప్పుడే ఎంచుకోండి. యూఎస్‌బీ, వైర్‌గార్డ్ లాంటివి తర్వాత అధికారిక సర్వర్ నుంచి వేసుకుందామంటే కుదరదు. కెర్నెల్ కాన్ఫిగరేషన్ నుంచి పుట్టే వెర్మ్యాజిక్ గుర్తు మీ బిల్డ్‌లో వేరుగా ఉంటుంది, ఆ మాడ్యూళ్లను ఓపీకేజీ (రూటర్‌లో ప్యాకేజీలు వేసే సాధనం) ఒప్పుకోదు.

విడుదలతో పాటు ఇచ్చే కాన్ఫిగ్ బిల్డ్‌ఇన్ఫో ఫైలును అలాగే దించి వాడేవాళ్లకు ఒక మాట: అందులో ఆ సబ్‌టార్గెట్‌లోని పరికరాలన్నీ, మాడ్యూళ్లన్నీ ఉంటాయి. మీకు ఒక్క రూటర్ కావాలి, మీ కంప్యూటర్ మాత్రం ఊరందరికీ వండుతుంది.

సేవ్ చేశాక స్క్రిప్ట్స్‌లోని డిఫ్‌కాన్ఫిగ్ స్క్రిప్టు నడిపి, వచ్చిన దాన్ని ఒక ఫైల్‌లో దాచుకోండి. పూర్తి కాన్ఫిగ్ వేల వరుసలుంటుంది, ఇదైతే మీరు మార్చినవే కొన్ని పదుల వరుసలు. తర్వాత దాన్నే డాట్ కాన్ఫిగ్‌గా కాపీ చేసి 'మేక్ డెఫ్‌కాన్ఫిగ్' కొడితే మిగతాది నిండిపోతుంది.

## 6. మొదటి బిల్డ్

ముందు 'మేక్ డౌన్‌లోడ్'. సోర్సు ఫైళ్లన్నీ డీఎల్ డైరెక్టరీలోకి వస్తాయి. నెట్ ఆగిపోయి సగం దిగిన ఫైళ్లుంటే తర్వాత గందరగోళం కాబట్టి, ఆ డైరెక్టరీలో 1 కేబీ కన్నా చిన్న ఫైళ్లు వెతికి తీసేసి, మళ్లీ ఒకసారి డౌన్‌లోడ్ నడపండి.

తర్వాత 'మేక్ -జె4'. ఇక్కడి 4 మీ ప్రాసెసర్ కోర్ల సంఖ్య. ర్యామ్ తక్కువైతే ఒక్కో పనికి 2 జీబీ లెక్కన తగ్గించండి. ప్రాసెసర్‌ను బట్టి మొదటిసారి గంట పట్టొచ్చు, నాలుగు గంటలూ పట్టొచ్చు. కంపైలర్‌ను కూడా కట్టాలి కాబట్టి అంత సేపు. రెండోసారి నుంచి చాలా తగ్గుతుంది.

ఆగిపోతే చివరి వరుస చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. సమాంతరంగా నడిచే పనుల్లో అసలు ఎర్రర్ ఎక్కడో పైన కొట్టుకుపోయి ఉంటుంది. 'మేక్ -జె1 వి=ఎస్' (వి పెద్దబడి, ఎస్ చిన్నబడి) కొట్టి, మొదట కనిపించే "ఎర్రర్" పదం దగ్గర చదవండి.

- "కిల్డ్" అంటూ సీసీ1ప్లస్ (జీసీసీలోని సీ++ కంపైలర్) ఆగింది: ర్యామ్ అయిపోయింది. పనుల సంఖ్య తగ్గించండి, స్వాప్ పెంచండి.
- హ్యాష్ (ఫైలు సరిగా దిగిందని చూసే గుర్తు) సరిపోలలేదు: ఆ ఫైలు డీఎల్ నుంచి తీసేసి మళ్లీ దించండి. హ్యాష్ తనిఖీనే తీసేసి ముందుకు పోవద్దు.
- బిల్డ్ పూర్తయింది కానీ ఇమేజ్ లేదు: లాగ్‌లో "టూ బిగ్" అని వెతకండి. ఇమేజ్ ఫ్లాష్‌లో పట్టనప్పుడు బిల్డ్ ఎర్రర్ ఇవ్వకుండా, హెచ్చరిక మాత్రం ఇచ్చి ఇమేజ్‌ను వదిలేస్తుంది.

ఫలితం బిన్, టార్గెట్స్, రామిప్స్, ఎంటీ7621 దారిలో ఉంటుంది. ఫ్యాక్టరీ ఫైలు కంపెనీ ఫర్మ్‌వేర్ మీద నుంచి ఎక్కించడానికి, సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఉన్నదానికి. ఇప్పుడే మెట్టు 11కు వెళ్లి, ఈ ఇమేజ్‌ను రూటర్‌లో వేసి ఒకట్రెండు రోజులు వాడండి. ఆ సిస్‌అప్‌గ్రేడ్ ఫైలును వేరే చోట దాచండి. రేపు కొత్త కంపైలర్ బిల్డ్ బెడిసికొడితే వెనక్కి రావడానికి అదే ఆధారం.

## 7. టూల్‌చెయిన్ ఎలా తయారవుతుంది

ఇక్కడ రెండు కంపైలర్లున్నాయి. ఒకటి మీ లినక్స్‌తో వచ్చిన హోస్ట్ జీసీసీ. రెండోది దానితో కట్టే క్రాస్ జీసీసీ: మీ కంప్యూటర్‌లో నడుస్తుంది, రూటర్‌లోని మిప్స్ చిప్‌కు కోడ్ ఇస్తుంది. టూల్‌చెయిన్ అప్‌డేట్ అంటే రెండోదాన్ని మార్చడం. ఆప్ట్‌తో (డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ సాధనంతో) హోస్ట్ జీసీసీని పెంచితే రూటర్ ఇమేజ్‌లో ఏమీ మారదు.

తయారీ వరుస ఇది: ముందు జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ లాంటి హోస్ట్ సాధనాలు, తర్వాత బైన్‌యుటిల్స్, సీ లైబ్రరీ లేకుండానే నడిచే తొలి జీసీసీ, దానితో మజిల్ సీ లైబ్రరీ, చివరగా ఆ లైబ్రరీని ఆధారం చేసుకుని పూర్తి జీసీసీ. జీసీసీ డైరెక్టరీలో ఇనిషియల్, ఫైనల్ అని రెండు ఫోల్డర్లు ఉండేది ఇందుకే. ఎర్రర్ ఇనిషియల్‌లో వస్తే తప్పు ఎక్కువగా హోస్ట్ వైపు లేదా ప్యాచ్‌లో ఉంటుంది. ఫైనల్‌లో వస్తే మజిల్‌నూ అనుమానించండి.

విడుదలల వారీగా డిఫాల్ట్‌లు:

- 22.03: జీసీసీ 11.2, బైన్‌యుటిల్స్ 2.37, కెర్నెల్ 5.10
- 23.05: జీసీసీ 12.3, బైన్‌యుటిల్స్ 2.40, కెర్నెల్ 5.15
- 24.10: జీసీసీ 13.3, బైన్‌యుటిల్స్ 2.42, కెర్నెల్ 6.6

మజిల్‌ను, కెర్నెల్‌ను జీసీసీతో పాటే మార్చే ఆలోచన ఉంటే విరమించుకోండి. ఒక బిల్డ్‌కు ఒకే మార్పు.

## 8. జీసీసీ వెర్షన్ మార్చడం

పద్ధతి అ: మెనూలో ఉన్న వెర్షన్. మెనూకాన్ఫిగ్‌లో డెవలపర్ల అడ్వాన్స్‌డ్ కాన్ఫిగరేషన్ ఆప్షన్లకు నక్షత్రం పెట్టండి. లోపల టూల్‌చెయిన్ ఆప్షన్స్‌కూ పెట్టాలి, అప్పుడే జీసీసీ వెర్షన్ జాబితా తెరుచుకుంటుంది. 24.10లో డిఫాల్ట్ 13తో పాటు 14 కూడా ఉంది. ఎంచుకుని సేవ్ చేసి, డాట్ కాన్ఫిగ్‌లో జీసీసీ వెర్షన్ వరుస నిజంగా మారిందో లేదో గ్రెప్‌తో చూడండి. చాలామందికి ఇది చాలు.

పద్ధతి ఆ: అదే వరుసలో చిన్న విడుదల, ఉదాహరణకు 14.2 నుంచి 14.3.

1. టూల్‌చెయిన్, జీసీసీ డైరెక్టరీలో కాన్ఫిగ్ డాట్ వెర్షన్ ఫైలు తెరిచి సంఖ్య మార్చండి. డిఫాల్ట్ వెర్షన్‌కు షరతు ఉండదు, అది జాబితాలో చివరి వరుస.
2. కామన్ డాట్ ఎంకే ఫైల్‌లో ఆ వెర్షన్ సంఖ్య, దాని కిందే పీకేజీ హ్యాష్ ఉంటాయి. కొత్త టార్‌బాల్‌ను (సోర్సు ఆర్కైవ్ ఫైలును) గ్నూ సర్వర్ నుంచి దించి, సంతకం సరిచూసి, ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ తీసి అక్కడ రాయండి. సంఖ్య మార్చి హ్యాష్ మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు.
3. 'మేక్ టూల్‌చెయిన్/జీసీసీ/ఇనిషియల్/రిఫ్రెష్ వి=ఎస్' నడపండి. ప్యాచెస్-14.ఎక్స్ డైరెక్టరీలోని ప్యాచ్‌లు కొత్త సోర్సుకు సర్దుకుంటాయి.
4. "రివర్స్‌డ్ ఆర్ ప్రీవియస్లీ అప్లైడ్" అని వస్తే ఆ సవరణ కొత్త విడుదలలో అప్పటికే చేరిందన్నమాట. సోర్సులో సరిచూసుకుని ఆ ప్యాచ్ తీసేయండి. "హంక్ ఫెయిల్డ్" అయితే మాత్రం తీసేయొద్దు, కొత్త సోర్సుకు తగ్గట్టు తిరగరాయాలి.

పద్ధతి ఇ: మెనూలో లేని పెద్ద వెర్షన్. చేత్తో కొత్తగా రాయొద్దు. మెయిన్ బ్రాంచ్‌లో ఆ వెర్షన్‌ను చేర్చిన కమిట్‌లు ఉంటే గిట్ చెర్రీ-పిక్‌తో తెచ్చుకోండి. ప్యాచ్‌ల్లో మజిల్‌కు, చిన్న పరికరాలకు సంబంధించిన సవరణలుంటాయి. అవి లేకుండా కంపైలర్ తయారైనా, అది ఇచ్చే బైనరీలను నమ్మలేం.

## 9. శుభ్రం చేయడం

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కారణం తెలుసుకుంటే మరిచిపోరు. టూల్‌చెయిన్ డైరెక్టరీ పేరులో జీసీసీ వెర్షన్ ఉంటుంది. కాబట్టి కొత్త వెర్షన్‌కు కొత్త డైరెక్టరీ పుడుతుంది, పాతది పక్కనే ఉంటుంది. కానీ ప్యాకేజీలు కంపైలయ్యే బిల్డ్ డైరెక్టరీ పేరులో టార్గెట్, మిప్స్ రకం, మజిల్ మాత్రమే ఉంటాయి. అందులో జీసీసీ వెర్షన్ లేదు.

అంటే కంపైలర్ మార్చి నేరుగా మేక్ కొడితే, పాత జీసీసీతో అయిన ప్యాకేజీలు "అయిపోయాయి" అన్న గుర్తుతో అలాగే ఉండిపోతాయి. కొత్తవి వాటితో కలుస్తాయి. బిల్డ్ పచ్చగా పూర్తయినా, మీరు పరీక్షించాలనుకున్నది పరీక్ష కాలేదు.

- మేక్ క్లీన్: ఇమేజ్‌లు, ప్యాకేజీల బిల్డ్ పోతాయి. టూల్‌చెయిన్ ఉంటుంది. మెనూలో వెర్షన్ మార్చినప్పుడు కనీసం ఇది తప్పనిసరి.
- మేక్ టార్గెట్‌క్లీన్: పైవాటితో పాటు టూల్‌చెయిన్ కూడా పోతుంది. ప్యాచ్ మార్చి వెర్షన్ సంఖ్య మార్చనప్పుడు ఇదే కావాలి.
- మేక్ డిర్‌క్లీన్: హోస్ట్ సాధనాలు కూడా పోతాయి. అనుమానం ఉంటే ఇదే.
- మేక్ డిస్ట్‌క్లీన్: కాన్ఫిగరేషన్, ఫీడ్లు, దించుకున్న ఫైళ్లతో సహా ఊడ్చేస్తుంది. దీని అవసరం దాదాపు రాదు.

శుభ్రం చేశాక మొత్తం బిల్డ్‌కు ముందు 'మేక్ టూల్‌చెయిన్/ఇన్‌స్టాల్' ఒక్కటే నడపండి. కంపైలర్ నిలబడిందో లేదో తొందరగా తేలుతుంది.

## 10. కొత్త జీసీసీతో ఆగే ప్యాకేజీలు

- జీసీసీ 10 నుంచి, "మల్టిపుల్ డెఫినిషన్": ఒకే గ్లోబల్ వేరియబుల్‌ను హెడర్‌లో నిర్వచించిన పాత కోడ్. హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, నిర్వచనాన్ని ఒకే సీ ఫైల్‌లో ఉంచాలి.
- జీసీసీ 13, సీ++లో "యుఇంట్32_టీ తెలియదు": ఇదివరకు ఏదో హెడర్ వెంట వచ్చే సీఎస్‌టీడీఇంట్ ఇప్పుడు రాదు. ఆ ఫైల్ పైన దాన్ని చేర్చితే సరి.
- జీసీసీ 14, "ఇంప్లిసిట్ డిక్లరేషన్", "ఇన్‌కంపాటిబుల్ పాయింటర్ టైప్": ఇవి ఇదివరకు హెచ్చరికలు, ఇప్పుడు ఎర్రర్లు.
- జీసీసీ 15: సీ భాష డిఫాల్ట్ సీ23కి మారింది. బూల్ అని సొంతంగా టైప్ పెట్టుకున్న పాత ప్యాకేజీలు ఆగుతాయి. ఆ ప్యాకేజీ మేక్‌ఫైల్‌లో టార్గెట్ సీఫ్లాగ్స్‌కు '-ఎస్‌టీడీ=గ్నూ17' చేర్చితే ప్రస్తుతానికి గట్టెక్కుతుంది.

జీసీసీ 14 ఎర్రర్లను మళ్లీ హెచ్చరికలుగా మార్చే ఆప్షన్ ఉంది కదా అని అన్నిటికీ అదే వేయొద్దు. ప్రకటన లేని ఫంక్షన్ పూర్ణాంకం ఇస్తుందని కంపైలర్ అనుకుంటుంది. అది నిజానికి పాయింటర్ ఇచ్చేదైతే, 64 బిట్ రూటర్‌లో సగం అడ్రసు తెగిపోయి ప్రోగ్రామ్ కూలుతుంది. సరైన హెడర్ చేర్చడమే మందు.

ఒక ప్యాకేజీనే మళ్లీ ప్రయత్నించాలంటే 'మేక్ ప్యాకేజ్/పేరు/క్లీన్', ఆ వెంటనే 'మేక్ ప్యాకేజ్/పేరు/కంపైల్ వి=ఎస్'. ప్రతిసారీ మొత్తం బిల్డ్ నడపక్కర్లేదు.

హోస్ట్ వైపు గొడవలు వేరు. ఫెడోరా 42లో జీసీసీ 15 వచ్చింది, డెబియన్ 13లో 14. వీటి మీద 22.03 లాంటి పాత బ్రాంచ్ కడితే టూల్స్ దశలోనే ఆగిపోవచ్చు. పైథాన్ 3.12 నుంచి డిస్ట్‌యుటిల్స్ తీసేయడం కూడా పాత బ్రాంచ్‌లకు దెబ్బే. సోర్సును తవ్వే బదులు డెబియన్ 12 కంటైనర్‌లో కట్టుకోండి.

## 11. రూటర్‌లో ఎక్కించడం

- ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్‌లు సరిపోల్చండి.
- వైఫై మీద కాదు, కేబుల్ మీదే చేయండి. కొత్తగా ఎక్కిన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో వైఫై ఆఫ్‌లో ఉంటుంది.
- రూటర్‌ను ఇన్వర్టర్ లేదా యూపీఎస్ మీద పెట్టండి. ఫ్లాష్ రాస్తుండగా కరెంటు పోతే రికవరీనే గతి.
- పాత సెట్టింగుల బ్యాకప్ తీయండి.

ఫైలును ఎస్‌సీపీతో రూటర్ టెంప్ డైరెక్టరీలోకి పంపేటప్పుడు '-ఓ' (పెద్దబడి) పెట్టండి. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ లోపల ఎస్ఎఫ్‌టీపీ వాడుతుంది, రూటర్‌లోని డ్రాప్‌బేర్‌లో (చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లో) ఎస్ఎఫ్‌టీపీ సర్వర్ ఉండదు. తర్వాత 'సిస్‌అప్‌గ్రేడ్ -టి' (పెద్దబడి) తో ఇమేజ్ ఈ రూటర్‌దేనా అని పరీక్షించండి. కాదంటే బలవంతంగా రాయించొద్దు. అవునంటే 'సిస్‌అప్‌గ్రేడ్ -ఎన్ -వి', ఈసారి రెండూ చిన్నబడే. '-ఎన్' పాత సెట్టింగులను వదిలేస్తుంది. కొత్త టూల్‌చెయిన్ తొలి పరీక్షకు అదే మంచిది, తప్పు పాత కాన్ఫిగ్‌దన్న అనుమానం ఉండదు.

రూటర్ లేచినా లాగిన్ కుదరకపోతే ఫెయిల్‌సేఫ్ (మీ సెట్టింగులను పక్కనపెట్టి బూట్ అయ్యే అత్యవసర మోడ్) ప్రయత్నించండి: కంప్యూటర్‌కు 192.168.1.2 ఇచ్చి, రూటర్ బూట్ అవుతూ లైటు మెరిసేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి, 192.168.1.1కు రూట్‌గా ఎస్ఎస్‌హెచ్ చేయండి.

## 12. మార్పు నిజంగా పడిందా?

రూటర్‌లో ప్రాక్ డైరెక్టరీలోని వెర్షన్ ఫైలును క్యాట్‌తో చూడండి. కెర్నెల్‌ను కట్టిన జీసీసీ, బైన్‌యుటిల్స్ సంఖ్యలు ఆ ఒక్క వరుసలోనే ఉంటాయి. పాత సంఖ్యే కనిపిస్తే మెట్టు 9 దగ్గర తప్పు జరిగింది, లేదా పాత ఇమేజ్ ఎక్కించారు.

తర్వాత ఇవి చూడండి:

- లాగ్‌రీడ్, డీమెసేజ్ (లాగ్ చూపించే కమాండ్లు) లలో "సెగ్‌ఫాల్ట్", "ఊప్స్" పదాలు (ప్రోగ్రామ్ లేదా కెర్నెల్ కూలిన గుర్తులు)
- రెండు వైఫై బ్యాండ్లు, దేశం కోడ్ భారత్‌కు మార్చాక
- పీపీపీఓఈ తెగి మళ్లీ కలుస్తోందా
- ఖాళీ ఫ్లాష్, ఖాళీ ర్యామ్: పాత బిల్డ్‌తో పోల్చి

ఏదైనా తేడాగా ఉంటే దాచిన పాత సిస్‌అప్‌గ్రేడ్ ఫైలుకు తిరిగి వెళ్లి, అదే పరీక్ష మళ్లీ చేయండి. పాతదానిలో లేకుండా కొత్తదానిలోనే వస్తే బగ్ రిపోర్టు రాయొచ్చు. దానికి డిఫ్‌కాన్ఫిగ్, గిట్ కమిట్ గుర్తు, జీసీసీ వెర్షన్ వరుస, '-జె1 వి=ఎస్' లాగ్ జతచేయండి.